సాయంకాలము వరకే స్నేహము

మహాప్రస్థానమునకు బయలుదేరిన పాండవుల వెంట హస్తినాపురము నుండి ఒక శునకము నడచినదని వ్యాసభారతము చెప్పుచున్నది. అన్నదమ్ములు ఐదుగురు, ద్రౌపది, ఏడవది ఆ శునకము. త్రోవలో ముందుగా ద్రౌపది పడినది. పిదప సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరుసగా ఒరిగినారు. ధర్మరాజు వెనుదిరిగి చూడక నడచుచునే యున్నాడు; శునకమును ఆయన వెంట నడచుచునే యున్నది. ఇంద్రుడు రథము తెచ్చి స్వర్గమునకు రమ్మని పిలిచి, ఆ కుక్కను మాత్రము విడిచి రమ్మన్నాడు. ధర్మరాజు రానన్నాడు. తోబుట్టువులను, ఇల్లాలిని త్రోవలో విడిచిన వానికి కుక్కయందు ఇంత మమకారమేల యని దేవేంద్రుడు ఎత్తిపొడిచినప్పుడు ఆయన చెప్పిన సమాధానమును మన పౌరాణికులు తరచుగా దాటవేయుదురు. వారు మరణించిన పిదపనే నేను ముందుకు సాగినాను, ప్రాణముండగా ఎవరినీ విడువలేదు. ఇది బ్రతికియున్నది, నన్ను నమ్మి వచ్చినది అని ఆ సమాధానము యొక్క తాత్పర్యము.

ఈ కథను చిన్ననాటి నుండి ఎన్ని మారులు విన్నానో లెక్క లేదు. కాని డెబ్బది సంవత్సరములు దాటిన పిదప, సముద్రముల కావల ఒక చిన్న ద్వీపములో ఒక గోధుమరంగు కుక్క మెడత్రాటిని చేతబట్టుకొని నిలువబడినప్పుడు ఆ కథయే నన్ను నిలదీసినది. ఏలనగా నేను ఆ త్రాడు పట్టుకొన్నది సాయంకాలమునకు విడిచిపెట్టుటకే.

మా అమ్మాయి కుటుంబము కాలిఫోర్నియాలో ఉన్నది. 2024 వేసవిలో నేను అక్కడ ఉండగా వారు హవాయి ద్వీపములలో ఒకటియైన కవాయికి ప్రయాణమైనారు. ఆ ద్వీపముపై వైలువా నది చెంత ఇరైవన్ అను శివాలయము కలదు. బెంగుళూరు సమీపమున మన శిల్పులు చేతి ఉలులతో చెక్కిన తెల్లని రాళ్ళను ఓడలపై చేరవేసి కట్టిన కోవెల అది. 2023లో దానికి కుంభాభిషేకము జరిగినది. ఆ దర్శనాభిలాషతోనే నేనును బయలుదేరినాను. దర్శనమైనది. మరునాటి కార్యక్రమమును మాత్రము పదకొండేండ్ల మా మనుమరాలు నిర్ణయించినది.

"తాతయ్యా, రేపు మనం ఒక కుక్కను బీచికి తీసుకెళ్తున్నాం. అది మనది కాదు. సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి" అన్నది.

సంగతి ఏమనగా, ఆ దేశములో కుక్కలు వీధులలో స్వేచ్ఛగా తిరుగుట కనబడదు. తప్పిపోయినవి, యజమానులు విడిచినవి, పెంచలేక అప్పగించినవి, అన్నియు ఆశ్రయశాలలకు చేరును. ఈ ఏర్పాటు నిన్నమొన్నటిది కాదు. 1860లో లండను నగరమున మేరీ టీల్బీ అను ఒక స్త్రీ దిక్కులేని కుక్కలకై ఒక గృహమును నెలకొల్పినది. 1871లో అది బ్యాటర్‌సీ ప్రాంతమునకు మారి ఆ పేరుతోనే నేటికిని నడచుచున్నది. 1866లో న్యూయార్కులో హెన్రీ బెర్గ్ అను నాతడు జంతుహింసా నివారణ సంఘమును స్థాపించినాడు. ఇట్టి శాలలలో తిండికి, మందులకు లోటుండదు. అయినను సిమెంటు నేల, ఇనుప జాలీ తలుపు, ప్రక్క గదిలోని కుక్క మొరిగినచో వరుసలోనివన్నియు మొరుగుట, ఇదియే వాటి పగలు, ఇదియే వాటి రాత్రి. పనివారు కొందరే, కుక్కలు పెక్కు. ఎవరును ముందుకు రాక, గదులు చాలక, రోగముచేత గాని భయముచేత గాని స్వభావము చెడి, సూదిమందుతో ప్రాణము తీయబడునవియు కలవు. ఈ చివరి మాట వ్రాయుటకు చేయి వెనుకాడుచున్నది గాని, దానిని దాచినచో తక్కిన సంగతికి అర్థము లేదు.

అందుచేత కొన్నిచోట్ల యాత్రికులను సాయము కోరుచున్నారు. విహారమునకు వచ్చినవారికి తీరిక యున్నది, కాళ్ళున్నవి, బాడుగకారు ఉన్నది. కుక్కకు లేనివి ఆ మూడే కదా! కవాయి హ్యూమేన్ సొసైటీ వారు సందర్శకులకు ఒక పగటికి ఒక కుక్కను అప్పగింతురు. హవాయి దీవులలోనిదే యైన మావి ద్వీపములోను ఇట్టి ఏర్పాటే కలదు. థాయిలాండులోని లాంటా ద్వీపమున 2005లో వెలసిన ఒక జంతుసంరక్షణ సంస్థలోను, కరీబియన్ సముద్రములోని టర్క్స్ అండ్ కైకోస్ దీవులలో పాట్‌కేక్ ప్లేస్ అను చోటను యాత్రికులు వచ్చి కుక్కలను నడిపించుచుందురు. ఆ పాట్‌కేక్ అను పేరు విన్నప్పుడు నాకు నవ్వును, వెనువెంటనే ఒక ఆత్మీయతయు కలిగినవి. అన్నము వండిన కుండలో అడుగంటి మాడిన చెక్కకు అక్కడి వారి మాట అది. ఆ మాడుచెక్కను గోకి వీధికుక్కలకు వేయుట వారి వాడుక. తిన్న కుక్కకు తిండి పేరే నిలిచినది. మన ఇండ్లలో అవ్వలు చేసినదియు ఇదియే గదా!

ఉదయము ఆశ్రయశాలకు వెళ్ళినాము. కాగితములపై సంతకములైనవి. వారు ఒక ఆడకుక్కను తెచ్చినారు. నడివయస్సుది, చెవి అంచున పాత గాయపు మచ్చ కలది. దాని వీపున తొడుగు వంటిది వేసి, దానిపై నన్ను పెంచుకొనుడు అను అర్థము వచ్చునట్లు వ్రాసియుంచినారు. ఒక సంచిలో నీటిగిన్నె, తువాలు, తినుబండారములు పెట్టి ఇచ్చినారు. త్రాడు విప్పరాదు, ఇతరుల కుక్కల దరికి పోనీయరాదు, ఎండలో కారులో ఉంచి పోరాదు అని చెప్పినారు. ఆ మెడత్రాడు నా చేతికి ఎట్లు వచ్చినదో నాకే తెలియదు. మనుమరాలు సంచి పుచ్చుకొన్నది, అల్లుడు కారు తెచ్చుటకు పోయినాడు, అమ్మాయి సంతకము చేయుచున్నది, మిగిలినది నేను.

ఇచ్చట ఒక మాట ఒప్పుకొనవలెను. నేను జీవితములో కుక్కను ప్రేమతో తాకి అరువది సంవత్సరములు గడచినవి. మా వీధిలో రాత్రివేళ మొరుగు కుక్కలపై కేకలు వేసినవాడనే గాని ఒక ముద్ద పెట్టినవాడను కాను. అట్టివాడు దేశాంతరమునకు పోయి పరాయి కుక్కకు సేవచేయుట చూచి నాలోని మనస్సాక్షి కొంత పరిహాసము చేయకపోలేదు. అయితే ఒక భేదము చెప్పవలెను. హవాయి రాష్ట్రమున రేబిస్ వ్యాధి లేదు. వెలుపలి నుండి వచ్చు జంతువులను పరీక్షింపక ఆ దీవులపై అడుగుపెట్టనీయరు. మన దేశములో ఎరుగని కుక్కను చేరదీయుటకు ముందు ఆలోచింపక తప్పదు. జాగ్రత్తకును కాఠిన్యమునకును నడుమ ఎంతో చోటు ఉన్నది. నేను ఇంతకాలము ఆ రెండవదానిని మొదటిదని పిలుచుకొన్నాను.

కపాఅ పట్టణము చెంత సముద్రపు ఒడ్డునే పొడవైన కాలిబాట ఉన్నది. త్రాటితో కుక్కలను తీసికొనిపోవుటకు అక్కడ అనుమతి కలదు. మనుమరాలు పరుగెత్తవలెనని, ఛాయాచిత్రములు తీయించుకొనవలెనని ఎన్నెన్నో ఊహించుకొన్నది. ఆ కుక్క మాత్రము నూరు అడుగులు నడచి, గాలిని కొంతసేపు ఆఘ్రాణించి, ఒక చెట్టునీడన పచ్చికపై చతికిలబడినది. పిలిచినను లేవలేదు. తినుబండారము చూపినచో పడుకొనియే తిన్నది. కొంతసేపటికి ముందరి కాళ్ళపై తలయుంచి నిద్రపోయినది. అట్టి నిద్రను నేను ఈ మధ్యకాలమున చూడలేదు. ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన రోగి తన మంచముపై పోవు నిద్ర అట్లుండును. మనుమరాలు మూతి ముడిచినది. నేను దాని ప్రక్కన కూర్చుండి ఒక గంట త్రాడు పట్టుకొన్నాను. మధ్యాహ్నము మరికొంత దూరము నడచినది. మోటారు సైకిలు చప్పుడు వినబడినప్పుడు మాత్రము నా కాళ్ళ చాటునకు వచ్చి దాగినది. నా కాళ్ళ చాటునకు! పొద్దున నన్ను ఎరుగని ప్రాణి!

సాయంకాలము తిరిగి అప్పగించినాము. పనిపిల్ల వచ్చి త్రాడు అందుకొనినది. కుక్క లోనికి నడచిపోవుచు ద్వారముకడ నిలిచి ఒక్కసారి వెనుకకు చూచినది. అంతియే. కారులో చాలదూరము వరకు ఎవరును మాటాడలేదు. అప్పుడు మనుమరాలు అడిగినది.

"తాతయ్యా, మనం దాన్ని మళ్ళీ అక్కడే వదిలేశాం కదా. మన గురించి అది ఏమనుకుంటుంది?"

నేను వెంటనే బదులు చెప్పలేకపోయినాను. కారణము కుక్క కాదు, మరియొక కుక్క. నాకు పది సంవత్సరముల వయస్సున మా తండ్రిగారికి బదిలీ అయినది. ఆయన బడిపంతులు. మా యింట మోతీ అను నాటుకుక్క ఉండెడిది. నాతో బడి వరకు వచ్చి, బడి విడుచువరకు రావిచెట్టు క్రింద కూర్చుండెడిది. సామాను బండిపై పోయినది, మేము బస్సెక్కినాము. కుక్కకు ఊరే ఇల్లు, ఎవరో ఒకరు ఇంత పెడతారు అని తండ్రిగారు అన్నారు. ఆయన కఠినుడు కాడు. ఆ కాలమున అందరును అట్లే అనెడివారు. మోతీ కాలువ వంతెన దాటువరకు బస్సు వెంట పరుగెత్తినది. అటుపిమ్మట దుమ్ములో కనబడలేదు. ధర్మరాజు కథను పురాణములో విన్న ప్రతిమారును సభలోనివారు కన్నులొత్తుకొన్నది ధర్మరాజును తలచుకొని. నేను తలవంచుకొన్నది ఆ వంతెనను తలచుకొని.

కనుక మనుమరాలి ప్రశ్నను నేను పసిపిల్ల ప్రశ్నగా తీసికొనలేకపోయినాను. ఒక ప్రాణికి కొన్ని గంటల తోడు చూపి, నమ్మకము పుట్టించి, సాయంకాలమునకు మరల జాలీ తలుపు వెనుకకు పంపుట దయయా, లేక దయ వేషము వేసిన విహారమా? మనకు కలిగిన తృప్తికి అది చెల్లించిన మూల్యము ఏమి?

పెద్దలలో కొందరు దీనికి భరతుని కథ చూపుదురు. రాజ్యమును తృణప్రాయముగా విడిచిన భరతుడు గండకీ తీరమున తల్లి చనిపోయిన జింకపిల్లను చేరదీసి, దానిపై మనస్సు నిలిపి, దానినే స్మరించుచు దేహము విడిచి, జింకయై పుట్టినాడని భాగవతము పంచమస్కంధము. కావున మూగజీవములపై మనసు పెట్టరాదని వారు చెప్పుదురు. నాకు ఈ అన్వయము ఎన్నడును రుచింపలేదు. ఏటిలో పడి పోవుచున్న పిల్లను ఒడ్డుకు చేర్చుట భరతుని దోషమైనచో ఇక ధర్మమునకు చోటేది? అది లేనిదే తాను లేనని, తాను లేనిదే అది లేదని తలచుటలో ఆయన జారినాడు. నా జింక అనుకొన్నాడు. మా మనుమరాలు కారులో కన్నీరు పెట్టుకొన్నప్పుడు ఆ కన్నీటిలో సగము కుక్కకై, సగము తన కుక్కకై. నా మాట అంతకంటె మేలు కాదు.

ఇంకొక మార్గము మన ఇండ్లలోనే ఉండెడిది. వైశ్వదేవము చేయు గృహస్థు తాను తినుటకు ముందు కాకులకు, శునకములకు, క్రిమికీటకములకు నేలపై అన్నముంచవలెనని విధి. ఆ బలిని తినుటకు వచ్చు కుక్క ఎవరిదని అడుగరు. నేడు వచ్చినది రేపు వచ్చునా యని చూడరు. దానికి పేరు పెట్టరు, దాని కృతజ్ఞతను కోరరు. దయకు యాజమాన్యము అక్కరలేదని చెప్పు ఏర్పాటు ఇది. అయితే నిజము చెప్పవలెనన్న, నేలపై ముద్ద పెట్టి లోనికి పోవుట సులభము. కాళ్ళ చాటున దాగిన కుక్కను అప్పగించి పోవుట వేరు. ముద్ద నమ్మకమును పుట్టింపదు, తోడు పుట్టించును.

మరి ఆ కుక్క నిజముగా ఏమి అనుభవించినది? మనము దాని మనస్సులో దూరి చూడలేము గాని, కొంత తెలిసికొనుటకు పరిశోధకులు దారి కనుగొన్నారు. మనస్సుకు ఒత్తిడి కలిగినప్పుడు దేహమున పెరుగు కార్టిసాల్ అను రసమును మూత్రములో కొలువవచ్చును. అమెరికాలోని అరిజోనా స్టేట్, వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయములకు చెందినవారు ఐదు ఆశ్రయశాలలలోని 207 కుక్కలను ఒకటి రెండు రాత్రులు ఇండ్లకు పంపి చూచి 2019లో ఫలితములు ప్రకటించినారు. ఇంటిలో ఉన్నప్పుడు ఆ కొలత తగ్గినది, గాఢముగ విశ్రమించినవి. మరల శాలకు చేరగానే కొలత పూర్వస్థితికి వచ్చినది. ఇచ్చట గమనింపదగిన మాట పూర్వస్థితికి అనునది. మునుపటికంటె మించిపోలేదు. అనగా, తిరిగివచ్చుట వాటిని అదివరకటికంటె దుఃఖములో పడవేసినట్లు ఆ కొలతలో కనబడలేదు. ఇది చదివినప్పుడు నాకు కొంత ఊరట కలిగినది. ఆ ఊరట ఎక్కువసేపు నిలువలేదు. 2021లో వారే కొద్ది గంటల విహారములను పరిశీలించగా, విహార సమయమున ఆ కొలత తగ్గుటకు బదులు పెరిగినది. మరునాటికి మాత్రము యథాస్థితికి చేరినది. క్రొత్త మనుష్యులు, క్రొత్త కారు, క్రొత్త ధ్వనులు కదా! మనము విశ్రాంతి యని ఇచ్చునది దానికి సంచలనము కావచ్చును. పచ్చికపై పండుకొన్న మా కుక్క మా అందరికంటె తెలివిగా ప్రవర్తించినదని అప్పుడు గ్రహించినాను. దానిని లేపి పరుగెత్తించియుందుమేని ఆ పగలు మాదై యుండెడిది.

అయితే ఇంతకంటె ముఖ్యమైన సంగతి 2023లో వెలువడినది. 51 ఆశ్రయశాలలను పరిశీలించగా, ఇట్లు కొద్ది గంటలు వెలుపలికి పోయివచ్చిన కుక్కలను ఎవరో ఒకరు పెంచుకొను అవకాశము, పోనివానికంటె 5 రెట్లు అధికమని, ఇండ్లలో ఒకటి రెండు రాత్రులు గడిపినవానికి 14 రెట్లు అధికమని తేలినది. సాధుస్వభావము కలవానినే ముందుగా బయటకు పంపుదురు కనుక ఈ లెక్కలో కొంత దానివలన వచ్చినదియు కావచ్చునని నా అనుమానము. ఎంత తీసివేసినను మిగులునది స్వల్పము కాదు. కారణము ఊహింపరానిది కాదు. జాలీ వెనుక మొరుగు కుక్కను చూచువాడు మొరుగునే చూచును. సముద్రపు ఒడ్డున నిద్రించు కుక్కను చూచువాడు కుక్కను చూచును. దాని వీపుపై తొడుగు వ్రాత అందుకే. మా మనుమరాలి ఛాయాచిత్రములను నేను ఆడంబరమని విసుగుకొన్నాను. వాటిని మా అమ్మాయి ఆశ్రయశాలవారికి పంపగా వారు సంతోషముతో పుచ్చుకొన్నారు. ఆ చిత్రమును చూచి ఎవరో ఒకరు రావచ్చును. నా విసుగునకు నేను సిగ్గుపడినాను.

కాబట్టి మనుమరాలికి ఆ రాత్రి ఇట్లు చెప్పినాను. మోతీని మేము విడిచినది వేరు, నేడు జరిగినది వేరు. మోతీ మా గడపను నమ్మినది, ఆ గడపను మేమే తీసివేసినాము. ధర్మరాజు చేయనన్నది అదియే. ఈ కుక్కకు ఆశ్రయమిచ్చినది ఆ శాల. ఆ ఆశ్రయము నేటికిని దానికి ఉన్నది. మనము దానికి ఇల్లు కాము, త్రోవ మాత్రమే. బ్రహ్మోత్సవములలో స్వామివారి వాహనము మోయువారిని చూచినావు కదా? ఒకరు కొంత దూరము మోసి భుజము మార్చుకొందురు. భుజము దించినవాడు స్వామిని విడిచినట్లు కాదు. అయితే దించునప్పుడు ప్రక్కవాని భుజము క్రిందనున్నదా యని చూచుకొని దించవలెను.

"కానీ దానికి ఈ తేడా తెలియదు కదా తాతయ్యా" అన్నది.

తెలియదు. మనము సంతకము చేసిన కాగితములను అది చదువలేదు. దీనికి నాకు సమాధానము దొరకలేదు, ఇప్పటికిని దొరకలేదు. ఆ భేదము తెలిసినవారము మనమే కనుక, తెలియని దానిపట్ల జాగ్రత్త వహింపవలసిన బరువు మనపైననే ఉన్నదని మాత్రము తోచుచున్నది. మరునాడు మరల వత్తునని దానికి ఆశ కల్పింపరాదు. కౌగలించుకొని రోదించి దానిని కలవరపెట్టరాదు. దాని నడకతో నడచి, అది కూర్చున్నచోట కూర్చుండి, చూచినదంతయు చూచినట్లు శాలవారికి చెప్పవలెను. ఆ రాత్రియే మనుమరాలు కాగితముపై వ్రాసినది. నీడను ఇష్టపడును, పిల్లలను చూచి బెదరదు, మోటారు సైకిలు చప్పుడునకు భయపడును, కూర్చున్నవారి ప్రక్కన నిద్రపోవును అని. చివరి వాక్యమును తానే ఊహించి చేర్చినది: ముసలివాళ్ళున్న ఇంటికి బాగుంటుంది.

మరునాటి ఉదయము ఆ కాగితము ఇచ్చుటకు పోయినాము. ఆ కుక్క లేదు. ఎవరో వృద్ధదంపతులు కొద్దిసేపటి క్రిందటనే దానిని వెంటబెట్టుకొని వెళ్ళినారని చెప్పినారు. మనుమరాలి ముఖము ఒక్క క్షణము చిన్నబోయినది. "నిన్న మనది కదా" అని గొణిగినది. కాగితమును బల్లపై ఉంచి, కొంతసేపు ఆ జాలీ తలుపుల వరుస వైపు చూచినది.

"తాతయ్యా, విమానం రాత్రికి కదా. ఇంకోదాన్ని అడుగుదామా?"

ఈసారి తెచ్చి ఇచ్చినది నల్లనిది, కుర్రది, త్రాడు లాగుటలో మొనగాడు. కారు వరకు నేను దానిని నడిపింపలేదు. అదియే నన్ను నడిపించినది.